ఆ రెండో ప్రశ్న అడగండి: తెలంగాణ శాసనసభ్యులకు ఒక గ్రూప్స్ అభ్యర్థి బహిరంగ లేఖ

గౌరవ శాసనసభ్యులకు, శాసనమండలి సభ్యులకు నమస్కారం.

119 మంది ఎమ్మెల్యేలకు, 40 మంది ఎమ్మెల్సీలకు కలిపి రాస్తున్న ఉత్తరం ఇది. ఎవరిది ఏ పార్టీ అన్నది చూసుకుని రాయలేదు. 2023 డిసెంబరులో అటు బెంచీల వాళ్లు ఇటు వచ్చారు, ఇటు వాళ్లు అటు వెళ్లారు. నేను మాత్రం చిక్కడపల్లి లైబ్రరీలో అదే కిటికీ పక్కన, అదే కుర్చీలో ఉన్నాను.

నాది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. డిగ్రీ అయ్యాక గ్రూప్స్ కోసం హైదరాబాద్ వచ్చాను. గ్రూప్-1 ప్రిలిమ్స్ మూడుసార్లు రాశాను: 2022 అక్టోబరు 16న, 2023 జూన్ 11న, 2024 జూన్ 9న. మూడు వేర్వేరు నోటిఫికేషన్లు అనుకునేరు. మొదటి రెండు పరీక్షలూ ఒకే నోటిఫికేషన్‌వి, అవే 503 పోస్టులకు. ఒకటి పేపర్ లీక్ వల్ల రద్దయింది. రెండోది బయోమెట్రిక్ సరిగా తీసుకోలేదని హైకోర్టు రద్దు చేసింది. ఆ తర్వాత ఇంకో అరవై కలిపి 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్ ఇచ్చారు. ఇదంతా ఫోన్లో మా నాన్నకు అర్థమయ్యేలా చెప్పడం ప్రిలిమ్స్ కంటే కష్టం.

అయితే ఈ లేఖ పరీక్షల గురించి కాదు. సభలో మీరు మంత్రుల్ని అడిగే ప్రశ్నల గురించి.

పోయిన ఏడాది మా నియోజకవర్గం ఎమ్మెల్యేకి ఒక ఉత్తరం ఇచ్చాను. ఫలానా శాఖలో మంజూరైన పోస్టులెన్ని, పనిచేస్తున్నవాళ్లెందరు, అందులో కాంట్రాక్టు ఎంత, అవుట్‌సోర్సింగ్ ఎంత, ఖాళీలెన్ని అని సభలో అడగమని ఒకే పేజీలో రాశాను. క్యాంపు ఆఫీసులో పీఏ తీసుకున్నారు. రెండు నెలల తర్వాత వెళ్లి చూస్తే నా కాగితం టేబుల్ మీదే ఉంది. కింద సీఎం సహాయ నిధి దరఖాస్తులు, పైన పెళ్లికార్డులు. పీఏ మంచాయనే. టీ ఇప్పించి అన్నాడు: “తమ్మీ, నీకు జాబ్ గావాల్నంటే చెప్పు, అవుట్‌సోర్సింగ్‌ల జూద్దం. ఈ ప్రశ్నలు గిశ్నలు ఎందుకు?”

ఆ మాట అప్పటి నుంచి నన్ను వదలడం లేదు. నాకొక్కడికి చిన్న మేలు చేయడానికి ఆయన సిద్ధంగా ఉన్నాడు. లక్షల మందికి పనికొచ్చే ఒక ప్రశ్న సభ దాకా మోయడం మాత్రం ఆయనకు అనవసరమైన పనిగా కనిపించింది. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు గుర్తు చేశాను. జవాబు లేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

సభలో ప్రశ్న సరిగ్గా పడకపోతే మాలాంటి వాళ్లకు ఏమవుతుందో ముందు చెబుతాను.

1. ఖాళీలెన్నో ఎవరికీ తెలియదు.

2021 జనవరిలో బయటికొచ్చిన బిస్వాల్ కమిటీ వేతన సవరణ నివేదిక రాష్ట్రంలో మంజూరైన పోస్టులు 4,91,304 అంది. పనిచేస్తున్నవాళ్లు 3,00,178 మంది, ఖాళీలు 1,91,126. ఇది ప్రభుత్వమే వేసిన కమిటీ. ఏడాది తిరిగాక, 2022 మార్చి 9న, అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఇదే శాసనసభలో నిలబడి మొత్తం ఖాళీలు 91,142 అన్నారు. అందులో 11,103 మంది కాంట్రాక్టు ఉద్యోగుల్ని రెగ్యులరైజ్ చేస్తామని, మిగతా 80,039 పోస్టులకు నోటిఫికేషన్లు ఇస్తామని ప్రకటించారు.

తీసివేత వేసి చూడండి. 99,984. దాదాపు లక్ష పోస్టులు ఎటు పోయాయి? మధ్యలో కొన్ని భర్తీ అయి ఉండొచ్చు, కొన్ని రద్దయి ఉండొచ్చు, కొన్నిటిని కాంట్రాక్టు వాళ్లతో నిండినట్టే లెక్కేసి ఉండొచ్చు. తప్పు జరిగిందని నేను అనడం లేదు. ఆ తేడాకు శాఖలవారీ వివరం కావాలి, అంతే. ఆ ప్రకటన వచ్చిన రోజు, కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ చౌరస్తాలో మేం స్వీట్లు పంచుకున్నాం. హాస్టల్ గదుల్లో మంచాలు దొరకలేదు. ఊళ్లో ప్రైవేటు ఉద్యోగాలు మానేసి వచ్చినవాళ్లు నాకే పదిమంది తెలుసు. వాళ్లంతా నమ్మింది ఆ 80,039ని. ఆ అంకెని సభలో విప్పి చూడాల్సిన పని మీది.

2. అవసరమైనప్పుడు సభే లేదు.

2023లో బడ్జెట్ సమావేశాలు ఫిబ్రవరి 12న ముగిశాయి. సరిగ్గా నెలకు పేపర్ లీక్ బయటపడింది. పరీక్షలు పెట్టే పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఉద్యోగులతో సహా పలువురిని అరెస్టు చేశారు, ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) వేశారు, మార్చి 17న గ్రూప్-1 ప్రిలిమ్స్‌తో పాటు వేరే పరీక్షలూ రద్దు చేశారు. మార్చి అంతా, ఏప్రిల్, మే, జూన్, జులై... సభ మళ్లీ కూడింది ఆగస్టు 3న. అదీ నాలుగు రోజులు.

రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు మించకూడదని రాజ్యాంగం 174వ అధికరణంలో చెప్పింది. మించలేదు. రూలు ప్రకారం అంతా కరెక్టే. కానీ ఆ అయిదు నెలల్లో మేం లైబ్రరీలో, టీవీ డిబేట్లలో, ధర్నాచౌక్‌లో, కోర్టు మెట్ల మీద ప్రశ్నలు అడుగుతూనే ఉన్నాం. మంత్రిని నిలబెట్టి అడిగే హక్కున్న మీకు మాత్రం ఆ అయిదు నెలలూ అడగడానికి చోటే లేదు. లీక్ మీద మీ నాయకులు పెట్టిన ప్రెస్‌మీట్లు లెక్కలేనన్ని. ప్రెస్‌మీట్‌లో చెప్పినదానికి మంత్రి సభకు జవాబుదారీ కాడు. అక్కడ తప్పు లెక్క చెప్పినా హక్కుల తీర్మానం పెట్టే వీలు లేదు.

రద్దయిన పరీక్షకు మొదటిసారి రెండు లక్షల ఎనభై వేలకు పైగా అభ్యర్థులు వచ్చారు. జూన్‌లో మళ్లీ పెడితే వచ్చినవాళ్లు రెండు లక్షల ముప్ఫై వేల చిల్లర. మధ్యలో యాభై వేల మంది ఏమయ్యారు? వాళ్లలో ఇద్దరు నాకు తెలుసు. ఒకడు నా రూమ్మేట్, వేసవిలోనే ఊరెళ్లి డీసీఎం వ్యాన్ తీసుకున్నాడు. ఇంకొకామె మా అక్క స్నేహితురాలు, ఆమెకు పెళ్లి చేసేశారు. ఇంకో ఏడాది ఆగమని ఇంట్లో అడిగే ధైర్యం ఆమెకు చాల్లేదు.

3. విధానం జీవోలో వస్తుంది, గొడవ రోడ్డు మీద తేలుతుంది.

2022 గ్రూప్-1కి జీవో 55 ఉండేది. మెయిన్స్‌కి 1:50 లెక్కన, అంటే పోస్టుకు యాభై మంది చొప్పున, అభ్యర్థుల్ని ఎలా తీయాలో అందులో ఉంది. 2024 ఫిబ్రవరి 8న జీవో 29తో ఆ పద్ధతి మార్చారు. రిజర్వేషన్ వర్గాల అభ్యర్థుల మీద దాని ప్రభావం ఏమిటన్నది చిన్న విషయం కాదు. పద్ధతి ఎందుకు మారింది, ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని ఒక మంత్రిని పావుగంట అడిగి ఉంటే అప్పుడే తేలేది. ఆ తర్వాత బడ్జెట్ సమావేశాలు జరిగాయి, జులై-ఆగస్టులోనూ సభ కూడింది. మాకు ఈ జీవో సంగతి మొత్తంగా అర్థమైంది అక్టోబరులో, మెయిన్స్‌కి వారం ముందు, అశోక్‌నగర్‌లో లాఠీలు లేచినప్పుడు. అక్టోబరు 21న ఒకపక్క సుప్రీంకోర్టు జోక్యం చేసుకోవడానికి ఒప్పుకోలేదు, ఇంకోపక్క అదే రోజు మెయిన్స్ మొదలైంది. చేతిలో హాల్‌టికెట్, బుర్రలో కోర్టు వార్త. ఆ టెన్షన్‌లో రాసిన వ్యాసాలు ఎలా ఉంటాయో మీరే ఊహించుకోండి. 2025 సెప్టెంబరులో సింగిల్ జడ్జి ఫలితాలు పక్కన పెట్టమనడం, రెండు వారాలకే డివిజన్ బెంచ్ దాన్ని ఆపడం, ఆ వెంటనే నియామక పత్రాలు ఇవ్వడం కూడా చూశాం. మా భవిష్యత్తు గురించి మేం పేపర్లో చదివేది కాజ్ లిస్టు, అంటే కోర్టులో ఆ రోజు విచారించే కేసుల జాబితా.

4. ఎవర్ని, ఎందుకు నియమించారో తెలియదు.

పబ్లిక్ సర్వీస్ కమిషన్ చైర్మన్‌ని, సభ్యుల్ని గవర్నర్ నియమిస్తారని 316వ అధికరణం. అంటే ప్రభుత్వ సలహా మీదే. 2021 మేలో జరిగిన నియామకాలు హైకోర్టు దాకా వెళ్లాయి. ఆరుగురు సభ్యుల విషయం మళ్లీ పరిశీలించమని 2023 జూన్‌లో కోర్టు చెప్పాల్సి వచ్చింది. 2024 జనవరిలో కొత్త కమిషన్ కోసం ప్రభుత్వం దరఖాస్తులు పిలిచింది. ఇది ముందుకంటే మెరుగే, ఒప్పుకోవాలి. కానీ ఎందరు దరఖాస్తు చేశారు, ఏ కొలతతో వడపోశారు అన్నది సభలో ఎవరైనా గట్టిగా అడిగి రాబట్టారా? పంజాబ్ కమిషన్ కేసులో 2013లోనే సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, ఇలాంటి పదవికి నిజాయితీ, సమర్థత రెండూ చూడాలని, నియామకం ఆలోచించి చేసినట్టు కనిపించాలని. బ్రిటన్‌లో 2008 నుంచి కొన్ని ముఖ్య పదవులకు పేరు ఖరారయ్యే ముందే ఎంపీల కమిటీ ఆ వ్యక్తిని కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతోంది. మనకు అంత వద్దు. నియమించాక అయినా మంత్రిని అడగండి.

5. సమాచార హక్కు కూడా ఖాళీయే.

ఖాళీల లెక్క కోసం ఒక శాఖకు పది రూపాయల పోస్టల్ ఆర్డర్‌తో దరఖాస్తు పెట్టాను. నెల దాటింది, జవాబు రాలేదు. మొదటి అప్పీలు. దానికీ లేదు. రెండో అప్పీలు వెళ్లాల్సింది రాష్ట్ర సమాచార కమిషన్‌కి. అక్కడ వినేవాళ్లు లేరు. 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా మన రాష్ట్రంలో ప్రధాన కమిషనర్ లేరు, కమిషనర్లు లేరు. ఇద్దరు ముఖ్యమంత్రుల హయాం అది. ఖాళీల గురించి అడుగుదామని వెళ్తే అడిగే చోటే ఖాళీగా ఉంది. నవ్వొస్తుంది గానీ ఆ రెండేళ్లలో పింఛను ఆగినవాళ్లు, పట్టా రానివాళ్లు ఎందరు అక్కడ వరుసలో ఉన్నారో.

ఇప్పుడు మీ ప్రశ్నల దగ్గరికి వస్తాను. లైబ్రరీ బయట ఐదు రూపాయల భోజనం తింటూ ఫోన్లో అసెంబ్లీ లైవ్ చూడటం మా బ్యాచ్‌కి అలవాటు. పాలిటీ సిలబస్‌లో కూడా ఉంది కదా. ఉద్యోగాల మీద సాధారణంగా పడే ప్రశ్న అచ్చు ఇలా ఉంటుంది:

“గౌరవ మంత్రి దయచేసి ఈ క్రింది విషయములు తెలియజేయుదురా: అ) వివిధ శాఖలలో ఉద్యోగ ఖాళీలు ఉన్న మాట వాస్తవమేనా, ఆ) అయినచో, వాటిని భర్తీ చేయు ప్రతిపాదన ఏదైనా ప్రభుత్వ పరిశీలనలో ఉన్నదా?”

దీనికి మంత్రి జవాబు కూడా మాకు కంఠస్థమే. “అ) అవునండి. ఆ) పరిశీలనలో ఉన్నదండి.” రెండు ముక్కల్లో అయిపోయింది. తప్పు మంత్రిది కాదు. అవునా కాదా అని అడిగితే ఎవరైనా అవుననో కాదనో అంటారు.

ఆ తర్వాత అనుబంధ ప్రశ్న, అంటే జవాబు విన్నాక సభ్యుడు లేచి అడిగే రెండో ప్రశ్న. అసలు ఆట ఇక్కడే. నక్షత్ర గుర్తున్న ప్రశ్నకు, అంటే మంత్రి సభలో నోటితో జవాబివ్వాల్సిన ప్రశ్నకు, అంత విలువ వచ్చింది దానివల్లే. రాసుకొచ్చిన జవాబు చదివాక, కాగితం లేకుండా మంత్రి నిలబడాల్సి వచ్చే క్షణం అది. మన సభ్యుడు లేస్తాడు. “మంత్రి గారికి ధన్యవాదాలు అధ్యక్షా. మా నియోజకవర్గంలో ఉద్యమ సమయంలో...” అని మొదలై, పాత ప్రభుత్వం ఏం చేసింది, ఈ ప్రభుత్వం ఏం చేస్తోంది మీదుగా తిరిగి, “కనుక మా మండల కేంద్రానికి ఒక డిగ్రీ కాలేజీ మంజూరు చేయాలని కోరుతున్నాను” దగ్గర ఆగుతుంది. కాలేజీ కావాల్సిందే, కాదనను. కానీ ఖాళీల ప్రశ్న అక్కడితో చచ్చిపోయింది. అవతల పార్టీ సభ్యుడు లేస్తే ఇంకోలా ఉంటుంది. ప్రశ్న ఉండదు, ఆరోపణ ఉంటుంది. ఆరోపణకు మంత్రి ఆరోపణతోనే జవాబిస్తాడు, పది నిమిషాలు గోల, “తర్వాతి ప్రశ్న” అంటారు స్పీకర్.

“ఏ తేదీ నాటికి ఈ లెక్క?” “ఎన్ని పోస్టులకు శాఖ నుంచి కమిషన్‌కి ఇండెంట్ (భర్తీ చేయమని కోరే కాగితం) వెళ్లింది?” “వెళ్లనివాటికి రిజర్వేషన్ రోస్టర్ అడ్డమా, ఆర్థిక శాఖ అనుమతి అడ్డమా?” ఈ మూడూ మూడు చిన్న ముక్కలు. ఒక్కోటి అర నిమిషం పట్టదు. వీటికి “పరిశీలిస్తాం” అని జవాబివ్వడం కుదరదు.

ఇంకో రెండు జవాబులు మీరు తేలిగ్గా వదిలేస్తున్నారు. ఒకటి, “కమిషన్ స్వతంత్ర సంస్థ, మాకు సంబంధం లేదు.” పేపర్ ఎవరు దిద్దారో అడగొద్దు, నిజమే. కానీ సభ్యుల్ని వేసేది ప్రభుత్వం, ఇండెంట్ పంపేది శాఖలు, నిబంధనల జీవో ఇచ్చేది సచివాలయం. రెండు, “విషయం కోర్టు పరిధిలో ఉంది.” కోర్టులో ఉన్నది ఒక పరీక్ష. రాష్ట్రంలో ఎన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నాయన్నది ఏ కోర్టులోనూ లేదు.

సరిగ్గా అడిగితే జవాబు వస్తుందనడానికి దూరం వెళ్లక్కర్లేదు. 2022 జులై 27న లోక్‌సభలో మల్కాజ్‌గిరి ఎంపీ ఒకరి ప్రశ్నకు కేంద్రమంత్రి జితేంద్ర సింగ్ రాతపూర్వకంగా జవాబిచ్చారు. 2014-15 నుంచి 2021-22 వరకు కేంద్ర ఉద్యోగాలకు వచ్చిన దరఖాస్తులు 22.05 కోట్లు, ఎంపికైనవాళ్లు 7.22 లక్షలు. వెయ్యి దరఖాస్తులకు మూడు. ఏడాదివారీ లెక్కతో వచ్చిన ఆ జవాబు దేశమంతా తిరిగింది. ఆ రోజు నుంచి ఉద్యోగాల మీద ఏ చర్చ జరిగినా ఆ అంకె రాకుండా ఉండదు. ఆ ఎంపీ ఎ. రేవంత్ రెడ్డి. ఇప్పుడు మీ సభానాయకుడు. ఢిల్లీలో ఆయనకు దొరికినంత వివరమైన జవాబు హైదరాబాద్‌లో ఆయన ప్రభుత్వం నుంచి మీకూ దొరకాలి కదా. అధికార పక్షం సభ్యులు ఈ మాట ఆయనకే గుర్తు చేస్తే బాగుంటుంది.

సొంత ప్రభుత్వాన్ని ఎలా అడుగుతాం అంటారేమో. 1957లో ఎల్ఐసీ డబ్బు ముంద్రా కంపెనీల్లోకి ఎలా వెళ్లిందని లోక్‌సభలో గట్టిగా నిలదీసిన ఫిరోజ్ గాంధీ కాంగ్రెస్ సభ్యుడే. మంత్రీ కాంగ్రెసే, ప్రధాని ఆయన మామగారే. చాగ్లా కమిషన్ వేశారు, 1958లో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఆ పార్టీకి ఏం కాలేదు, 1962లో మళ్లీ గెలిచింది.

అడిగేవాళ్లు లేకపోతే ఏమవుతుందో కూడా లోక్‌సభే చూపించింది. 2009 నవంబరు 30న ప్రశ్నలు ఇచ్చిన ఎంపీలు చాలామంది రాకపోవడంతో ప్రశ్నోత్తరాలు గంట నిండకుండానే ముగిశాయి. అదే సభలో 2019 నవంబరులో ఒక రోజు జాబితాలోని 20 ప్రశ్నలకూ నోటి జవాబులు వచ్చాయి. సభ్యులు వచ్చి, క్లుప్తంగా అడిగితే కుదురుతుంది. పక్క రాష్ట్రంలో 2021 నవంబరు నుంచి 2024 ఎన్నికల దాకా ఒక ప్రతిపక్ష నేత సభకు రాలేదు, 2024 తర్వాత ఇంకో పార్టీ రావడం లేదు. మన దగ్గర ప్రతిపక్ష నేత వచ్చిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎవరి కారణాలు వాళ్లకున్నాయి. కానీ కుర్చీ ఖాళీగా ఉంటే ఆ నియోజకవర్గం ప్రశ్న కూడా ఖాళీయే.

ఈ ప్రభుత్వం చేసిన పని చెప్పకపోతే అన్యాయం. 11,062 పోస్టుల డీఎస్సీని 2024 ఫిబ్రవరిలో ప్రకటించి అక్టోబరులో నియామక పత్రాలు ఇచ్చారు. 2024 ఆగస్టు 2న ఉప ముఖ్యమంత్రి భట్టి విక్రమార్క సభలోనే జాబ్ క్యాలెండర్ ప్రకటించారు. దాని ప్రకారం కొత్త గ్రూప్-1 నోటిఫికేషన్ 2024 అక్టోబరులో రావాలి. రాలేదు. ఎస్సీ వర్గీకరణ మీద సుప్రీంకోర్టు తీర్పు క్యాలెండర్‌కి ఒక్కరోజు ముందే వచ్చింది, ఆ చట్టం 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చింది. ఆగడానికి కారణం ఉంది, నేను అర్థం చేసుకోగలను. ఆ క్యాలెండర్‌ని సభలో పెట్టినట్టే, మారిన తేదీల్ని కూడా సభలోనే పెట్టమని అడిగి ఉండాల్సింది. మాకు మారిన తేదీలు యూట్యూబ్ కోచింగ్ చానళ్లు చెబుతున్నాయి. “బ్రేకింగ్” అని ఎర్రక్షరాలతో.

మా డిమాండ్లు ఇవి.

1. వచ్చే సమావేశాల్లో ఒక్క ప్రశ్నకైనా జవాబుగా, శాఖలవారీగా మంజూరైన పోస్టులు, రెగ్యులర్, కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్, ఖాళీలు ఏ తేదీ నాటివో చెప్పి సభ ముందు పెట్టించండి. 2021 నాటి 1,91,126కి, 2022 నాటి 91,142కి తేడా ఎందుకో అందులోనే రావాలి.

2. ప్రశ్నోత్తరాల గంటలో పోడియం దగ్గరికి వెళ్లకండి. నిరసన తెలపడానికి మిగతా రోజంతా ఉంది. సభా వ్యవహారాల సలహా సంఘంలో కూర్చునే నాయకులు ఏ కారణంతోనైనా ప్రశ్నోత్తరాలు రద్దు చేయడానికి ఒప్పుకోవద్దు. రద్దయితే జవాబులన్నీ ఆ రోజే రాతలో ఇప్పించండి.

3. ఉద్యోగాల ప్రశ్న వచ్చిన రోజు అనుబంధ ప్రశ్నలు ముందే రాసుకుని రండి. వీలైతే పార్టీలో ముగ్గురు పంచుకోండి. ధన్యవాదాలు మానేయండి, మేం ఏమీ అనుకోం.

4. కమిషన్ ఏటా గవర్నర్‌కి ఇచ్చే నివేదికను, కమిషన్ సలహాను ఎక్కడ ఎందుకు పాటించలేదో చెప్పే వివరణతో సహా, సభ ముందు పెట్టాలని రాజ్యాంగం 323వ అధికరణం చెబుతోంది. దాన్ని ఒక పూట చర్చించండి. సభ ముందు పెట్టి బల్ల మీద వదిలేస్తే ఎవరూ చదవరు.

5. కమిషన్ చైర్మన్, సభ్యులు, సమాచార కమిషనర్ల వంటి పదవులు మూడు నెలలకు మించి ఖాళీగా ఉంటే సంబంధిత మంత్రి సభలో కారణం చెప్పాలి. నియమించినప్పుడు ఎందరు దరఖాస్తు చేశారు, ఏ అర్హత చూసి ఎంపిక చేశారు అన్నది వచ్చే సమావేశం మొదటి వారంలో సభ ముందుంచాలి.

6. “పరిశీలిస్తాం”, “చర్యలు తీసుకుంటాం” అని మంత్రులు చెప్పిన ప్రతి మాటనూ హామీల కమిటీ రాసుకోవాలి. లోక్‌సభలో ఈ మాటల్ని హామీలుగానే లెక్కపెట్టి, మూడు నెలల గడువు పెడతారు. మన దగ్గర ఉద్యోగాల మీద ఇచ్చిన హామీల జాబితాను తేదీలతో, తెలుగులో, ఫోన్లో వెతికితే దొరికేలా పెట్టండి.

7. పెద్ద పరీక్ష ఏదైనా రద్దయితే నెల లోపు సభను పిలవమని అడగండి. ఒక్క రోజు చాలు.

పై డిమాండ్లలో ఏదీ కొత్త చట్టం అడగడం లేదు, ఒక్క రూపాయి బడ్జెట్ అడగడం లేదు. ఉన్న రూళ్లలోనే అయిపోతుంది.

పీఏ గారికి శ్రమ లేకుండా మూడు ప్రశ్నలు నేనే తయారుచేశాను. “వాస్తవమేనా” అన్న మాట ఎక్కడా లేకుండా, అ, ఆ, ఇ భాగాలతో, సభలో అడిగే భాషలోనే టైప్ చేయించాను. ఒకటి ఖాళీల లెక్క మీద, ఒకటి కమిషన్ నియామకాల మీద, ఒకటి జాబ్ క్యాలెండర్ తేదీల మీద. ప్రతి ప్రశ్న కింద మూడేసి అనుబంధ ప్రశ్నలు కూడా రాసిపెట్టాను. ఈ వారం మీ అందరి క్యాంపు ఆఫీసులకు స్పీడ్ పోస్టులో వస్తాయి. లైబ్రరీలో చందాలు వేసుకుని పంపుతున్నాం, కవరు మీద “ప్రశ్న” అని ఎర్ర ఇంకుతో ఉంటుంది, పెళ్లికార్డుల్లో కలిసిపోకుండా. ప్రశ్న ఇచ్చే సభ్యుడి పేరు, సంతకం ఉండాల్సిన చోటు మాత్రం ఖాళీగా వదిలాను.

ఇట్లు,
ఒక గ్రూప్స్ అభ్యర్థి,
చిక్కడపల్లి, హైదరాబాద్